లేచాడా?

గంటమ్మ మొహం కడుక్కుని, జుట్టు ముడి వేసుకుని, హాల్లో తన కుర్చీలో కూర్చునేసరికి కిటికీ అవతల వీధి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఒళ్లో బైబిలు, ముక్కు మీద కళ్ళద్దాలు. ఎదురుగా రెండు కుర్చీలు. ఒకటి కోడలిది, రెండోది కొడుకుది. కొడుకు పోయి ఏడాది కావస్తున్నా ఆ కుర్చీని తీసి గోడ వారన పెడదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

గంటమ్మ అన్నది ఆవిడ అసలు పేరేం కాదు. చిన్నపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. బడి గంట వేరేవాళ్ళ చేతికి ఇస్తే అటో ఇటో అవుతుందని ఎప్పుడూ తనే కొట్టేది. పిల్లలు పెట్టిన పేరు గేటు దాటి వీధిలోకి, వీధిలోంచి చర్చిలోకి వచ్చింది. ఒకసారి పాస్టరుగారే నోరు జారి అందరి ముందూ అలా పిలిచేశారు. ఆవిడ నొచ్చుకోలేదు. గంటంటే వేళకు మోగేది కదా, అందులో తప్పుపట్టడానికేముంది అనుకుంది.

ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే మాత్రం ఆవిడకు ఒళ్ళు మంట. చర్చిలో చివరి బల్లను ఆలస్యం బల్ల చేసింది ఆవిడే. పాట మొదలయ్యాక వచ్చినవాళ్ళు ముందుకు నడిచి అందరి ధ్యానం చెడగొట్టకూడదు, అక్కడే కూర్చోవాలి. సొంత కొడుకైనా అంతే. చిన్నప్పుడు వాడు ఒకరోజు బడికి ఆలస్యమైతే గేటు బయట నిలబెట్టింది. తల్లీ కొడుకూ ఇంట్లోంచి కలిసే బయల్దేరారు, దారిలో వాడు బూటు లేసు కట్టుకోవడానికి ఆగాడు, అదీ నేరం. పెద్దవాడయ్యాక వాడు ఆ కథ అందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆవిడా నవ్వేది.

కోడలు పిలవకుండానే వచ్చి కూర్చుంది. ఇద్దరూ పాట పాడారు, వాక్యం చదివారు, ప్రార్థన చేసుకున్నారు. ఆమెన్ అయ్యాక కోడలు వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి ఒక గ్లాసు అత్తగారి పక్కన ఉంచి, రెండోది పట్టుకుని కుట్టుమిషను ముందు కూర్చుంది. ఈస్టరుకు పాటల బృందం వేసుకునే తెల్ల అంగీలు ఆమే కుడుతోంది. ఆ వారమంతా ఇంట్లో గలగలా మాట్లాడింది ఆ మిషను ఒక్కటే.

ఒకప్పుడు అలా ఉండేది కాదు. కొడుకు పనిచేసేది ప్రింటింగ్ ప్రెస్సులో, రాత్రి డ్యూటీ. గోళ్ళ చుట్టూ సిరా మరకలతో, ఊరంతా నిద్రపోతున్న వేళ ఇంటికొచ్చి పడుకునేవాడు. ఆరింటికల్లా ప్రార్థనలో ఉండాలి. రాత్రంతా యంత్రం ముందు నిలబడగా లేనిది, దేవుడి ముందు అరగంట కూర్చోవడానికి ఏమొచ్చిందని గంటమ్మ వాదన. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా పడుకోమను, ఎవరొద్దన్నారు? అందుకే రోజూ కుర్చీలోంచి కదలకుండా ఒక మాట అడిగేది: "అమ్మాయ్, లేచాడా?" వంటింటివైపు నుంచి జవాబొచ్చేది: "లేచాడు, అత్తయ్యా." స్నానాల గదిలో కొళాయి చప్పుడు వినిపించేది. ఇంకాసేపటికి కొడుకు తడి మొహంతో, మూతపడుతున్న కళ్ళతో వచ్చి తన కుర్చీలో కూలబడేవాడు.

పెళ్ళయిన కొత్తలో ఆ 'లేచాడు' అన్న మాటే గంటమ్మకు చివుక్కుమనిపించింది. మొగుణ్ణి పట్టుకుని లేచాడేమిటి, లేచారు అనొచ్చుగా? కానీ ఆ పిల్ల కూడా తన బడిలో చదివిందే. సండేస్కూల్లో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ఒకరి జుట్టు ఒకరు పీక్కున్నవాళ్ళే. ఇప్పుడు గౌరవాలు నేర్పితే ఇద్దరూ నవ్వుతారని ఊరుకుంది.

ఆఖరిరోజున కూడా ఆవిడ అదే అడిగింది, కోడలు అదే చెప్పింది. కొళాయి చప్పుడూ వినబడింది. గంటమ్మ పాట ఎత్తుకుంది. పాట అయిపోయింది, కొడుకు రాలేదు. బకెట్టు నిండి నీళ్ళు పొర్లుతుంటే, ఇంత బద్ధకమా అని విసుక్కుంది కూడా. అప్పుడు కోడలు గదిలోకి వెళ్ళింది. తర్వాత వినిపించిన కేక ఆవిడ చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందని, ఎప్పుడో తెల్లవారకముందే అంతా అయిపోయిందని డాక్టరు చెప్పాడు. గంటమ్మ విన్నది గానీ ఆ మాట మనసులోకి దిగలేదు. లేవనివాణ్ణి లేచాడని చెప్పింది, చూడకుండానే చెప్పింది, అప్పుడే చూసి ఉంటే నా బిడ్డ దక్కేవాడేమో అన్నదే లోపల గూడుకట్టుకుంది. కొళాయి ఎవరు తిప్పారన్న ప్రశ్న మాత్రం ఆవిడకు తట్టనే లేదు. ఆనాటి నుంచి కోడల్ని ఒక్క మాట కూడా నిందించలేదు, అలాగని దగ్గరకూ తీయలేదు. కావలసినంతవరకే మాటలు. మందులు అయిపోయాయి, పాలవాడు రాలేదు, అంతే.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి ఇంటికి తిరిగి నడుస్తూ కోడలు చెప్పింది, పండగ అయ్యాక సోమవారం తన అన్నయ్య వస్తున్నాడని, తనను వాళ్ళింటికి తీసుకెళ్తానంటున్నాడని. ఉండమంటే ఉండిపోవాలని ఉన్నట్టు ఆగి అత్తగారి మొహంలోకి చూసింది. గంటమ్మ సరే అంది. ఆ రాత్రి మాత్రం కొడుకు కుర్చీ పక్కనే రెండో కుర్చీ కూడా ఖాళీగా ఉన్నట్టు ఊహించుకుంటే అన్నం సహించలేదు. ఉండమ్మా అనడానికి ఎంతసేపు? ఆ మాట గొంతుదాకా వచ్చి, 'లేచాడు' అన్న మాట గుర్తొచ్చి వెనక్కి పోతోంది.

ఆ పొద్దున మిషను చప్పుడు మధ్యలోనే పాస్టరుగారి భార్య, పాస్టరమ్మ, వచ్చింది. ఊరికే వచ్చానంటూ కూర్చుని, అంగీలు బాగున్నాయని మెచ్చుకుని, టీ వద్దంటూనే తాగింది. ఆవిడ నీళ్ళు నములుతుంటే గంటమ్మకు అర్థమైపోయింది, దేనికొచ్చిందో.

ఆ సంఘంలో ఈస్టరు వేకువ ఆరాధనకు ఒక పద్ధతి ఉంది. వెలుగు రాకముందే అందరూ లోపల చేరి దీపాలార్పి తలుపులు మూసేస్తారు. బయట ఒక పెద్దావిడ నిలబడుతుంది, యేసు తిరిగి లేచిన తెల్లవారుజామున ఆయన సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీల తరఫున. మూసిన తలుపు ముందు నిలబడి ఆవిడ గట్టిగా అడుగుతుంది, "లేచాడా?" అని. లోపల ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో "లేచాడు, నిజంగా లేచాడు" అంటారు. తలుపులు తెరుచుకుంటాయి, దీపాలు వెలుగుతాయి. వాక్యంలోని పెద్ద పెద్ద మాటలు వాడకుండా ఇలా ఎందుకంటే, ఈ పద్ధతి మొదలుపెట్టిన ముసలమ్మకు చదువు రాదట. పొరుగింటి తలుపు కొట్టి అడిగినట్టు అడిగిందట. ఆ అడగడం అందరికీ ఎంత నచ్చిందంటే ఆ తర్వాత ఎవరూ దాన్ని సరిదిద్దలేదు. ఆవిడ పోయాక ఆ పని గంటమ్మకు వచ్చింది. బడి నడిపిన గొంతు కాబట్టి వీధి చివరిదాకా వినిపించేది. లోపల అందరికన్నా గట్టిగా జవాబు చెప్పేది కొడుకే.

"ఈ ఏడు కూడా మీరే కదా టీచరుగారూ?" అంది పాస్టరమ్మ చివరికి.

"నావల్ల కాదమ్మగారూ. ఇంకెవరినైనా చూసుకోండి."

పాస్టరమ్మ బతిమాలలేదు. చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. అవతలి గదిలో మిషను ఎప్పుడు ఆగిపోయిందో గంటమ్మ గమనించలేదు. పాస్టరమ్మ గేటు వేసిన చప్పుడయ్యాక అది మళ్ళీ మొదలైంది.

యేసును సిలువ వేసిన శుభ శుక్రవారం చర్చిలో నల్లగుడ్డల మధ్య గడిచింది. శనివారం పొద్దున్నే సంఘమంతా చర్చి ఆవరణలో దిగిపోయింది. ప్రతి వసంతంలో ఆ ఒక్క రోజు అన్ని పనులూ పెట్టుకుంటారు. మగవాళ్ళు గోడలకు సున్నం వేస్తున్నారు. పాటల బృందం పిల్లలు ప్రహరీ వెంబడి మట్టి తవ్వి పూలమొక్కలు నాటుతున్నారు, గోడకు బయటివైపు కూడా, వీధినపోయేవాళ్ళు చూసుకోవడానికి. వెనకవైపు గదిలో ఆడవాళ్ళు మర్నాటికి గిన్నెలు తోముతున్నారు. ఆరాధన అయ్యాక వీధిలో ఎవరొచ్చినా, వాళ్ళది ఏ మతమైనా సరే, కూర్చోబెట్టి రొట్టె, గుడ్డు, వేడివేడి టీ పెట్టడం వాళ్ళ అలవాటు. అందరూ వడ్రంగి పెద్ద అని పిలిచే సంఘపెద్ద నిచ్చెనెక్కి పెద్ద తలుపు బందులకు నూనె పోస్తున్నాడు. పండగపూట తలుపు కిర్రుమని ఏడిస్తే పాస్టరుగారి ప్రసంగం కన్నా అదే గుర్తుంటుందని పైనుంచి పరిహాసమాడాడు.

గంటమ్మ చేతులు కట్టుకు కూర్చునే రకం కాదు. కుండీలు ఎక్కడ పెట్టాలో, సున్నం ఎక్కడ వదిలేశారో చెబుతూ ఆవరణంతా తిరిగింది. చర్చి వెనక సమాధుల తోటవైపు మాత్రం పోలేదు. అక్కడ కోడలు వంగి కలుపు తీస్తోంది. చిన్న గునపంతో ఒక సమాధి తలవైపు గుంట తవ్వి తెల్లపూల మొక్క పెడుతోంది. అది ఎవరి సమాధో దూరం నుంచి చూసినా తెలుస్తుంది, రాయి ఇంకా కొత్తగా ఉంది కాబట్టి.

ఎండ నెత్తికెక్కేవేళ అందరూ నీడన చేరి టీ తాగుతుండగా మాట మర్నాటి ఆరాధన మీదకు మళ్ళింది. తలుపు బయట ఎవరు నిలబడాలి? వయసులో గంటమ్మ తర్వాతి పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు. ఇంకొకావిడకు గొంతు లేదు. పాటలు నేర్పే అమ్మాయి కల్మషం లేకుండా అంది, పెద్దవాళ్ళే ఎందుకు, టీచరుగారి కోడలైతే ఎలా ఉంటుంది, ఆమె గొంతు బాగుంటుంది కదా అని. అప్పుడే కోడలు మట్టి చేతులతో తోటవైపు నుంచి వస్తోంది. అందరూ ఆమె వంక చూశారు.

గంటమ్మ అనాలని అనుకోలేదు. ఏడాదిగా పళ్ళ బిగువున ఆపుకున్న మాట అది.

"ఆవిడ అడిగేరకం కాదమ్మా, చెప్పేరకం. చూడకుండానే లేచాడని చెప్పేస్తుంది. నమ్మేవాళ్ళుంటే నిలబెట్టుకోండి."

ఇంకా నిచ్చెన దిగని వడ్రంగి పెద్ద చేతిలోని నూనెడబ్బా అలాగే పట్టుకుని ఉండిపోయాడు. కోడలు ఏడవలేదు. గునపాన్ని గోడకు ఆనించి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, గేటు తీసుకుని ఇంటివైపు వెళ్ళిపోయింది. పాస్టరమ్మ లేచి రెండడుగులు వేసి ఆగింది. తిరిగి గంటమ్మ వైపు చూసిన ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండునని గంటమ్మకు అనిపించింది.

ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి కోడలు హాల్లో నిలబడి ఉంది, అన్నయ్యతో వెళ్ళడానికి సర్దుకున్న సంచి పక్కనే. వెళ్ళిపోతోందనుకుంది గంటమ్మ. కానీ పైకి గంభీరంగానే చెప్పులు విప్పుకుని కుర్చీలో కూర్చుంది. కోడలు స్నానాల గదిలోకి వెళ్ళి కొళాయి తిప్పింది. ఖాళీ బకెట్టులో నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు ఇల్లంతా నిండింది.

కోడలు తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఈ చప్పుడు వింటే మీకేమనిపిస్తుంది, అత్తయ్యా?"

గంటమ్మ స్నానాల గదివైపు చూసింది.

"వాడు మొహం కడుక్కుంటున్నాడనేగా? వాడు కాదు. నేను. ఇన్నేళ్ళూ రోజూ నేనే తిప్పాను. మీరు లేచాడా అంటే లేచాడని చెప్పి, కొళాయి తిప్పి, మీ పాట ముగిసేవేళకు వెళ్ళి లేపేదాన్ని. మీ పాట అయ్యేదాకా వాడికి ఇంకాస్త నిద్ర."

గంటమ్మ కళ్ళు కొడుకు కుర్చీ మీదకు పోయాయి.

"మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం కూడా. రేపు పొడుగు పాట పాడమని అమ్మకు చెప్పు అనేవాడు." కోడలు చేత్తో కళ్ళు తుడుచుకుంది. "మిమ్మల్ని మోసం చేయాలని కాదు. పడుకున్నాడని ఒక్కసారి చెప్పాను, పెళ్ళయిన కొత్తలో. గుర్తుందా? ఆ రోజంతా మీరు వాడితో మాట్లాడలేదు. వాడు అన్నం తినలేదు. అప్పట్నుంచి ఇంక ఎప్పుడూ చెప్పలేదు."

గుర్తుంది. గంటమ్మ ఆ రోజును తన పట్టుదల గెలిచిన రోజుగా దాచుకుంది. మర్నాటి నుంచి వాడు సరిగ్గా వేళకు వస్తుంటే, చూశావా, చెప్పాల్సినట్టు చెబితే వింటారు అని పాస్టరమ్మతో గొప్పగా చెప్పుకుంది కూడా.

"మీరు రోజూ లేచాడా అనే అడిగారు, అత్తయ్యా. బాగున్నాడా అని అడిగి ఉంటే, నేను గదిలోకి వెళ్ళి చూసి వచ్చి చెప్పేదాన్ని. మీరైనా ఒక్కరోజు లేచి వచ్చి చూడలేదు. కుర్చీలోంచే."

"మరి ఆ రోజు..." అంది గంటమ్మ. అది ఆవిడ గొంతులా లేదు.

"ఆ రోజు చూడకుండా చెప్పలేదు." కోడలు కింద కూలబడి, కొడుకు కుర్చీ కాలు పట్టుకుంది. "వంటింట్లోకి వెళ్తూ చూశాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెయ్యి దుప్పటి బయటికి ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. చలేస్తోందనుకున్నాను. ఆ చేతిని లోపల పెట్టి, మెడదాకా దుప్పటి కప్పి, వచ్చి మీకు లేచాడని చెప్పాను. వాడు అప్పటికే లేడత్తయ్యా. నేను వాడికి దుప్పటి కప్పాను. ఈ మాట ఎవరితో చెప్పను? మీకు చెప్పాల్సింది. మీరు నా మొహం చూడరు."

బకెట్టు నిండింది. నీళ్ళు పొర్లి నేల మీద పడుతున్నాయి. గంటమ్మే లేచి వెళ్ళి కొళాయి కట్టేసింది. అక్కడే గోడకు ఆనుకుని నిలబడి, తడిసిన నేల వంక చూస్తూ ఉండిపోయింది. డాక్టరు చెప్పిన మాట ఇప్పుడు మనసులోకి దిగింది. కోడలి అబద్ధం వల్ల పోయింది తన బిడ్డ ప్రాణం కాదు. ఆ అబద్ధం వల్ల ఇన్నేళ్ళూ దక్కింది వాడికి కాస్త నిద్ర. తల్లిగా తను ఇవ్వాల్సిన నిద్రను ఆ పిల్ల దొంగచాటుగా ఇచ్చింది. దొంగచాటుగా ఇవ్వాల్సిన అవసరం ఈ ఇంట్లో ఎవరి వల్ల వచ్చిందో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

బయటికి వచ్చి ఏదో అనాలనుకుంది. ఏళ్ళ తరబడి ఇతరుల తప్పులు దిద్దిన నోటికి ఆ మాటలు అలవాటు లేవు. కోడలి తల మీద చెయ్యి పెట్టబోయి, ఆ చెయ్యి ఎక్కడ ఆనించాలో తెలియక, కుర్చీ వీపు మీద పెట్టింది. సాయంత్రం ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

ఈస్టరునాడు గంటమ్మ రోజూకన్నా ముందే లేచింది. తెల్లచీర కట్టుకుని, కుర్చీ దగ్గరకు వచ్చి అలవాటు కొద్దీ కూర్చోబోయి ఆగింది. కోడలి గదిలో దీపం వెలగలేదు. బయట వీధిలో చర్చివైపు నడిచే అడుగుల చప్పుడు, చిన్నగా మాటలు వినిపిస్తున్నాయి. హాల్లోంచి ఒక్క పిలుపు పిలిస్తే చాలు, ఆ పిల్ల ఉలిక్కిపడి లేచి వస్తుంది.

ఆవిడ పిలవలేదు. వెళ్ళి గది తలుపు మెల్లగా తోసింది. కొడుకు పోయిన నాటి నుంచి ఆ గడప దాటలేదు. మసక వెలుతురులో కోడలు మంచం ఒక అంచున ముడుచుకుని పడుకుని ఉంది, రెండోవైపు ఎవరికో చోటు వదిలినట్టు. కుర్చీ మీద కుట్టడం పూర్తయిన తెల్ల అంగీలు మడతపెట్టి ఉన్నాయి. రాత్రి ఎప్పటిదాకా కుట్టిందో, వేలికి దారం పోగు ఇంకా చుట్టుకునే ఉంది.

ఒక చెయ్యి దుప్పటి బయటికి వేలాడుతోంది. గంటమ్మ వంగి ఆ చేతిని పట్టుకుంది. వెచ్చగా ఉంది. మునివేళ్ళు కదిలాయి. ఆవిడ మంచం పక్కన అలాగే నేల మీద కూర్చుండిపోయి, ఆ చేతిని వదలకుండా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొడుకు పోయిన రోజున నలుగురి ముందు ఏడ్చిన ఏడుపు కాదది. వాణ్ణి ఒక్కరోజైనా ఇలా పక్కన కూర్చుని చూసుకోలేదే అన్న ఏడుపు.

తర్వాత దుప్పటి సరిచేసి కూర్చుంది. చర్చి గంట మొదటిసారి మోగింది. లేపాలి. ఇంకాస్త పడుకోనీ అనుకుంది. రెండోసారి మోగింది. కిటికీ అంచు తెల్లబడుతోంది. చర్చి లోపల అందరూ ఈ అంగీల కోసం చీకట్లో ఎదురుచూస్తుంటారు. చూడనీ అనుకుంది గంటమ్మ, జన్మలో మొదటిసారి.

గంట చప్పుడుకు కోడలే కళ్ళు తెరిచింది. పక్కన నేల మీద అత్తగారిని చూసి గాభరాగా లేచి కూర్చుంది.

"అయ్యో, వేళైపోయింది. లేపలేదేం అత్తయ్యా?"

"పడుకున్నావు కదా అని," అంది గంటమ్మ.

కోడలు ఆవిడ మొహం వంక చూసింది. ఆ మాట ఎవరికి చెందవలసిందో ఇద్దరికీ తెలుసు. కోడలు మంచం దిగి, అత్తగారి భుజం పట్టుకుని లేవదీసింది.

అంగీలు చెరో సగం మోసుకుంటూ వీధిలో నడిచారు. ఎంత తొందరపడ్డా గంటమ్మ కాళ్ళు నెమ్మదిగానే కదులుతాయి. కోడలు అడుగు తగ్గించి పక్కన నడిచింది. ప్రహరీ వెంబడి నిన్న నాటిన మొక్కలు కనబడేంత వెలుగొచ్చేసింది.

"రేపు మీ అన్నయ్య వస్తే భోజనం చేసి వెళ్ళమను," అంది గంటమ్మ ఎటో చూస్తూ. "ఒక్కడే అంత దూరం వెనక్కి పోవాలి కదా."

కోడలు ఆగిపోయింది. చేతుల్లో తెల్లబట్టల దొంతర మీద మొహం ఆనించుకుంది. ఆవిడ కూడా ఆగి, ఈసారి చెయ్యి ఎక్కడ పెట్టాలో ఆలోచించకుండా ఆమె తల మీద పెట్టింది. "నిన్న నలుగురిలో నేను ఆ మాట అనాల్సింది కాదు. వాళ్ళందరి ముందే ఒప్పుకుంటాను. ఉండమ్మా. నాకెవరున్నారు?"

చర్చి పెద్దతలుపు మూసే ఉంది. మెట్ల దగ్గర పాస్టరమ్మ దీపం పట్టుకుని నిలబడి ఉంది. తెల్లవారిపోతుండటంతో ఆ దీపం వెలుగు కనబడీ కనబడకుండా ఉంది. గంటమ్మ రాకుండా తలుపు ముందు నిలబడి అడగడానికి ఎవరూ ఒప్పుకోలేదట. పిల్లలు కొందరు అమ్మల ఒళ్ళో మళ్ళీ నిద్రపోయారట. వడ్రంగి పెద్ద తలుపు గడియ మీద చెయ్యి వేసి అప్పట్నుంచీ నిలబడే ఉన్నాడట. ఈ మాటలు చెప్పి పాస్టరమ్మ ఇంకేమీ అడగకుండా ఒక పక్కకు తప్పుకుంది.

గంటమ్మ చేతిలోని బట్టలు మెట్టు మీద పెట్టి తలుపు ముందు నిలబడింది. లోపల ఎవరో దగ్గారు, ఎవరో ఊరుకోబెట్టారు. ఇన్నేళ్ళూ ఈ తలుపు ముందు నిలబడి, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలా అడిగింది, బడిలో పిల్లల్ని అడిగినట్టు. లోపల నుంచి అందరికన్నా గట్టిగా వినబడే గొంతు ఈసారి ఉండదు. పెదవులు విప్పింది. కోడలు తన చేతుల్లోని అంగీలు కూడా మెట్టు మీద పెట్టి, వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"లేచాడా?"

వీధి చివరిదాకా వినిపించే గొంతు కాదది. మూసిన గది బయట నిలబడి ఒక తల్లి అడిగినట్టు వచ్చింది. లోపలివాళ్ళు ఆ గొంతు పోల్చుకోలేక క్షణం ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో పక్కనుంచి, రోజూ వంటింట్లోంచి వచ్చినట్టే, మెత్తగా జవాబొచ్చింది.

"లేచాడు, అత్తయ్యా."

గంటమ్మ ఆమె వైపు తిరిగి చూసింది. కళ్ళ నిండా నీళ్ళతో తల ఊపింది. అప్పుడు లోపల నుంచి ఒక్కసారిగా అందుకున్నారు, లేచాడు, నిజంగా లేచాడు అని. నూనె పోసిన తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. దీపాలు వెలిగాయి. పాస్టరమ్మ అంగీలు పాటల బృందానికి అందించేలోపే పాట మొదలైపోయింది.

ముందువరుసలో ఆవిడ చోటు ఆవిడ కోసం ఖాళీగానే ఉంచారు. వడ్రంగి పెద్ద చేయి చాపి దారి చూపించాడు. గంటమ్మ తల అడ్డంగా ఊపింది. పాట మొదలయ్యాక వచ్చినవాళ్ళు ముందుకు నడవకూడదు కదా. కోడలి చెయ్యి పట్టుకుని చివరి బల్ల మీద కూర్చుంది. ప్రతి ఆదివారం నిద్రకళ్ళతో ఆలస్యంగా వచ్చి ఆవిడ కొడుకు కూర్చున్నది ఆ బల్ల మీదే.